టెంటర్ సందు తెల్ల దుప్పటి

నా ఉద్యోగం శానిటరీ ఇన్‌స్పెక్టరు. మా నూలు మిల్లుల ఊరు మెల్‌రాయిడ్‌లో ఆ మాట నోరు తిరగనివాళ్ళూ, తిరిగినా తిప్పడం ఇష్టం లేనివాళ్ళూ నన్ను గంధకం కర్షా అంటారు. నేను ఏ ఇంట్లో అడుగు పెట్టినా నా వెనకే రోగం పోవడానికి వేసే గంధకం పొగ వస్తుందని వాళ్ళ బాధ. కర్షా ఇంటిపేరు. జేబెజ్ అని మా అమ్మ పెట్టిన పేరొకటి ఉంది గానీ దాంతో పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊరి మరుగుదొడ్లూ పందుల దొడ్లూ పాల డబ్బాలూ వాసన చూసి బతుకుతున్నాను. నాకు ముక్కు మీద కోపం అంటారు. ఆ ముక్కు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో తెలిస్తే ఆ మాట అనరు.

ఆ ఏడు మార్చిలో మశూచి వచ్చింది. టెంటర్ సందులో దిగింది. సందంటే ఎదురెదురుగా పద్నాలుగు ఇళ్ళు, చివర నూలు మిల్లు గోడ, రావడానికీ పోవడానికీ ఒకటే దారి. మొదట పోయింది మార్తా లమ్ అనే ఆవిడ. పాత గుడ్డలు ఏరే పని చేసేది. జ్వరం వచ్చిన నాలుగో రోజుకే ఒళ్ళంతా నల్లగా కమిలి చనిపోయింది. పొక్కులు పైకి తేలకముందే ప్రాణం తీసే మశూచి ఒకటుంది. మా డాక్టర్ పెండిల్‌బరీ దాన్ని అంతకుముందెప్పుడూ చూడలేదు. రక్తం విరిగిపోయిందని రాసి సంతకం పెట్టాడు. ఆవిడ కొడుకూ, ఆ ఇంట్లోనే అద్దెకున్న ముసలాయనా మరో పన్నెండు రోజులకి మొహాల నిండా పొక్కులతో పడిపోయాక గానీ మా కళ్ళు తెరుచుకోలేదు.

తెరుచుకున్నాక మాత్రం నేను ఊరుకోలేదు. జబ్బువాళ్ళని గుట్ట మీది రేకుల ఆసుపత్రికి పంపించాను. సందు మొగలో అడ్డంగా తాడు కట్టించి కాపలావాణ్ణి కూర్చోబెట్టాను. లోపలివాళ్ళు బయటికి రాకూడదు, బయటివాళ్ళు లోపలికి పోకూడదు, రొట్టే బొగ్గూ తాడు దగ్గర దింపి వెళ్ళాలి. మార్తా ఇంట్లో ఉన్న ప్రతి పరుపూ ప్రతి గుడ్డా జాబితా రాసి తగలబెట్టించాను. ఆమె శవాన్ని చూడడానికి వచ్చిన ముప్పై నలుగురినీ ఒక్కొక్కరినే వెతికి పట్టుకుని, తిట్టి, బతిమాలి టీకాలు వేయించాను. తాడు దాటే అధికారం డాక్టరుకీ నాకూ మాత్రమే ఉంది. ఆ సంగతి నాకు కొంచెం గర్వంగానే ఉండేదని ఒప్పుకుంటున్నాను.

ఆ గర్వం కింద భయం ఉంది. నా ఒక్కగానొక్క కూతురు టామర్ పక్క వీధిలోనే, ఫోల్డ్ వీధిలో ఉంటుంది. తాడుకి బయటే. కానీ నిండు నెలలు. మా ఆవిడ పోయాక ఈ లోకంలో నాకున్నది టామరూ, ఆమె కడుపులో ఉన్నదీ. అల్లుడు సైలస్ హోయిల్ మగ్గం పనివాడు. మంచివాడు, తాగడు, చదువుతాడు. చదివినవన్నీ టీకాలకి వ్యతిరేకంగా అచ్చేసిన కరపత్రాలే, అదే నా ఖర్మ. చిన్నప్పుడు సైలస్‌కి టీకా వేయించలేదని వాళ్ళ నాన్నకి జరిమానా వేశారు. కట్టనన్నాడు. అధికారులొచ్చి మంచమూ గోడ గడియారమూ ఎత్తుకెళ్ళి వేలం వేశారు. అయినా కట్టనంటే పద్నాలుగు రోజులు జైల్లో పెట్టారు. అలాంటి ఇంట్లో నేలమీద పడుకుని పెరిగినవాడితో టీకా గురించి మాట్లాడడం ఎంత కష్టమో చెప్పలేను.

"పుట్టగానే బిడ్డకి వేయించేద్దాం సైలస్," అన్నాను ఒకరోజు వాళ్ళ వంటింట్లో కూర్చుని.

"మీ తాడు బాగానే ఉందిగా మామయ్యా?" అన్నాడు గంజి కలుపుతూ.

"బాగానే ఉంది."

"మరి తాడు మీద నమ్మకం లేనట్టు మాట్లాడతారేం? మీ కాపలావాడు కునుకు తీస్తే చెప్పండి, నేనెళ్ళి కూర్చుంటా."

టామర్ పొట్ట పట్టుకుని నవ్వింది. "నాన్నా, ఆయనతో పెట్టుకోకు. రాత్రి కలలో కూడా ఉపన్యాసాలిస్తాడు."

చట్టం జరిమానా వేయగలదు గానీ తండ్రి చేతుల్లోంచి బిడ్డని లాక్కుని సూది గుచ్చలేదు. నేను టీ తాగి వచ్చేశాను.

తాడు కట్టిన మూడో రోజున ఎస్తర్ క్లెగ్ జబ్బుపడింది. అక్కడే నా లెక్క తప్పింది. ఎస్తర్‌ది సందులో పదకొండో ఇల్లు, మార్తా ఇంటికి చాలా దూరం. మార్తా శవయాత్ర వెళ్ళిన రోజు సాయంత్రమే ఆమెకి నొప్పులొచ్చి మగపిల్లాడు పుట్టాడు. నిండు నెలల మనిషి కాబట్టి శవాన్ని చూడ్డానికి వెళ్ళలేదు. పది రోజులు మంచం దిగలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒక్కరికీ జబ్బు లేదు. పాలవాడు, రొట్టెలవాడు, పాస్టరుగారి భార్య, అందరినీ విచారించాను. ఏ దారిన వచ్చిందో తెలియని మశూచి కంటే భయంకరమైనది ఇంకోటి లేదు. ఎస్తర్‌నీ పసివాణ్ణీ బండిలో గుట్ట మీదికి పంపించి, ఆ ఇంటి పరుపులు కూడా తగలబెట్టి, జాబితా పట్టుకుని సందు నడుమ కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

ఆ మర్నాడు మంగళవారం. టామర్‌కి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చేసరికి నేను సందులోనే ఉన్నాను. తాడు వైపు పరుగెడుతుంటే వెనకనుంచి బెట్టీ అత్త కేకేసింది. బెట్టీ అత్త నాకు వరసకేమీ కాదు, ఆ చుట్టుపక్కల మూడు వీధులకీ అత్తే. పురుళ్ళు పోసేదీ ఆమే, శవాలకి స్నానం చేయించి సిద్ధం చేసేదీ ఆమే. డెబ్భై దాటాయి. తాడు కట్టాక ఆమె కూడా లోపల చిక్కుపడిపోయింది.

"ఒరేయ్ జేబెజూ! ఆగరా! నీ కూతురికి నొప్పులంటగా?"

"అవునత్తా, వెళ్ళాలి."

"నన్నెలాగూ వెళ్ళనివ్వవు. నిన్ను బయటికి లాగిన చేతులివి, ఇప్పుడు నువ్వే తాడు కట్టి కూర్చోబెట్టావు. సరే, పెట్టెనైనా తీసుకుపో."

"ఏం పెట్టె?"

"ఏం పెట్టేంట్రా! పురిటి పెట్టె. వచ్చినవాళ్ళ ముందు నీ కూతురు చిరుగుల బొంత కప్పుకుని పడుకుంటుందా? ఊళ్ళో ఏమనుకుంటారు?"

ఆ పెట్టె మూడు వీధుల ఉమ్మడి సొత్తు. ఎవరింట్లో పురుడైనా, చావైనా అదే పెట్టె వెళ్తుంది. లేసు కుట్టిన రెండు దిండు గలీబులు, మంచి దుప్పట్లు నాలుగు, పైన కప్పే పెద్ద తెల్ల దుప్పటి ఒకటి. ఆ తెల్ల దుప్పటి మిల్లులు మూతపడిన కరువు రోజుల్లో ముప్పైమంది ఆడవాళ్ళు తలా ఒక ముక్కా అల్లి కలిపింది. మా అమ్మ అల్లిన ముక్క కూడా ఉంది అందులో, ఒక మూలన. ఎంత లేనివాళ్ళైనా బిడ్డని కన్నప్పుడూ కన్నుమూసినప్పుడూ దాని కింద దొరల్లాగా కనిపిస్తారు.

నేను ఆలోచించాను. ఆలోచించలేదని ఎవరూ అనకూడదు. బెట్టీ అత్త ఇంట్లో జబ్బు లేదు. పెట్టె మూత తీస్తే లావెండర్ వాసన వచ్చింది, ఇస్త్రీ మడతలు కత్తిలా ఉన్నాయి. ఈ పెట్టె నా జాబితాల్లో ఎక్కడా లేదు. అయినా సందులోంచి ఏ వస్తువూ బయటికి పోకూడదన్న నియమం రాసింది నేనే. నా కూతురు నొప్పులు పడుతోంది. పెట్టె భుజానికెత్తుకుని తాడు దాటాను. కాపలావాడు టోపీ తీసి, "మంచి కబురు వినాలి సార్," అన్నాడు.

ఆడపిల్ల పుట్టింది. తెల్ల దుప్పటి కింద టామర్ అలసిపోయి నవ్వుతూ పడుకుని ఉంది. దుప్పటి అంచు గుప్పిట్లో పట్టుకుని ఆ పసిది నిద్రపోతోంది. నేను ఏడ్చానని సైలస్ ఊరంతా చెప్పాడు. అబద్ధం కాదు.

గురువారం ఎస్తర్ పసివాడు రేకుల ఆసుపత్రిలో చనిపోయాడు. పదిహేడు రోజుల పిల్లవాడు, టీకా లేదు. శవపెట్టె మూసేటప్పుడు మొహం చూపించకూడదని నర్సు చెప్పింది. నేను చూశాను, ఆ పని నా ఉద్యోగంలో భాగం. ఇంటికొచ్చాక అన్నం ముట్టుకోలేకపోయాను. టామర్ బిడ్డే కళ్ళముందు కనపడుతోంది.

శుక్రవారం పొద్దున్నే గుట్ట ఎక్కాను. ఎస్తర్ బతుకుతుందని డాక్టరు అన్నాడు. మంచం పక్కన నిలబడి మళ్ళీ మొదటినుంచీ అడిగాను. ఎవరొచ్చారు, ఏం తెచ్చారు, ఏం తిన్నావు. ఉబ్బిన కళ్ళు మూసుకునే జవాబు చెప్పింది.

"ఎన్నిసార్లడుగుతారు సార్. అందరూ శుభమని గుడ్లూ ఉప్పూ తెచ్చారు పిల్లాడి కోసం. పాస్టరమ్మగారు కూడా వచ్చారు. మా అత్త ఎంత మురిసిపోయిందో. మంచం అంత బాగుంది మరి, తెల్ల దుప్పటి అదీ..."

"ఏ తెల్ల దుప్పటి?"

"సందు పెట్టెలోదే. నా అదృష్టం, ఆ రోజే ఖాళీ అయింది. మార్తక్కని తీసుకెళ్ళాక బెట్టీ అత్త అట్నుంచి అటే పట్టుకొచ్చింది. నేను మంచం దిగాక మళ్ళీ పెట్టెలో పెట్టేసింది."

మంచం మీదికి వంగాను.

"ఉతకలేదా ఎస్తర్? మధ్యలో ఉతకలేదా?"

"పక్క దుప్పట్లు ఉడకబెట్టింది. ఆ తెల్లది తడిస్తే వారం ఆరదు సార్. అది ఏడాదికోసారే, వేసవి సెలవుల ముందు ఉతుకుతారు. మీకు తెలీదా?"

నాకు తెలుసు. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. మార్తా శవం మీద రెండు రోజులు కప్పిన దుప్పటి అది. ముప్పై నలుగురు మనుషులని వెతికి పట్టుకున్నాను, ఆ మనుషులందరి కళ్ళెదురుగా ఉన్న గుడ్డ గురించి ఒక్కరినీ అడగలేదు. నేను ఇంటింటికీ జాబితా రాశాను. అది ఏ ఇంటిదీ కాదు. పైగా తాడు దాటించి, నా భుజం మీద పెట్టుకుని, నా కూతురి పక్కలోకి చేర్చింది నేనే.

డాక్టర్ పెండిల్‌బరీని బండిలో తోసి గుట్ట దిగాను. దారిలో ఆయన్ని ఒకటే అడిగాను.

"మూడు రోజులైంది. టీకా పనిచేస్తుందా?"

"మూడు రోజుల్లోపు వేస్తే రోగం కంటే టీకాయే ముందు పరుగెడుతుంది. నాలుగోరోజు దేవుడి దయ. ఆ తర్వాత ఎందుకూ పనికిరాదు. ఈరోజే వెయ్యాలి కర్షా," అన్నాడు ఆయన.

మేం వెళ్ళేసరికి సైలస్ ఇంట్లోనే ఉన్నాడు. మిల్లులో సెలవు పెట్టి పెళ్ళానికి వండిపెడుతున్నాడు. డాక్టరు చేతిలో తోలు సంచి చూడగానే బిడ్డని ఎత్తుకుని మంచానికీ మాకూ మధ్య నిలబడ్డాడు.

"ఏంటి మామయ్యా, మనవరాల్ని చూడ్డానికి డాక్టర్ని వెంటబెట్టుకొచ్చారు?"

"సైలస్, బిడ్డకి టీకా వెయ్యాలి. ఇప్పుడే. టామర్‌కి కూడా మళ్ళీ వెయ్యాలి. రోగం ఈ ఇంట్లోకి వచ్చింది."

"ఎవరు తెచ్చారు?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "సందులోంచి పిట్ట కూడా బయటికి రాలేదు. తాడు మీరే కట్టారు, కాపలా మీరే పెట్టారు, బ్రహ్మాండంగా పనిచేస్తోందని ఊరంతా మీరే చెప్పారు. మరి మా ఇంటికెలా వచ్చింది? గాల్లో ఎగిరొచ్చిందా? నా బిడ్డ ఒంట్లో చీము ఎక్కించడానికి ఇంకేదైనా మంచి కథ చెప్పండి."

నాలుగు అబద్ధాలు నాలుక చివరికొచ్చాయి. చాకలామె అని చెప్పొచ్చు. చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళలో ఎవరో ఒకరని చెప్పొచ్చు. వీటిలో ఏ ఒక్కటీ అతని ముందు నిలబడదు, ఎందుకంటే అతను చెప్పింది నిజం. ఎవరూ తాడు దాటలేదు, నేను తప్ప.

"నేను తెచ్చాను," అన్నాను.

టామర్ దిండు మీంచి తల ఎత్తింది.

"పెట్టె నేనే మోసుకొచ్చాను సైలస్. ఆ దుప్పటి మార్తా లమ్ శవం మీద కప్పారు. ఆ తర్వాత ఎస్తర్ మీద కప్పారు. ఎస్తర్ కొడుకు నిన్న పోయాడు. నా నియమం నేనే తప్పి, నా చేతులతో తెచ్చి నీ భార్య మీద కప్పాను. గాల్లో రాలేదు."

టామర్ తన మీదున్న తెల్ల దుప్పటిని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా పక్కకి లాగి నేల మీదికి జారవిడిచింది. నా మొహం వంక చూడలేదు. చేతులు చాపి సైలస్ దగ్గర్నుంచి బిడ్డని అడిగింది. అతను చాలాసేపు ఇవ్వలేదు. తర్వాత ఇచ్చాడు.

"మా నాన్న మంచం పోగొట్టుకున్నాడు గానీ నా చేయి ఇవ్వలేదు," అన్నాడు డాక్టరుతో. "ఆయన బతికుంటే ఈ గడప తొక్కడు. కానివ్వండి. పిల్లకి వెయ్యండి."

డాక్టరు టీకా మందున్న గాజు గొట్టం విరిచి ఆ వేలెడు చేతి మీద నాలుగు గాట్లు పెట్టాడు. పసిది గుక్కపట్టి ఏడ్చింది. అంత ఆనందంగా నేనెప్పుడూ ఏ ఏడుపూ వినలేదు. తర్వాత టామర్ చేయి. నేను అప్పటికే దుప్పటిని పటకారుతో సంచిలోకి కూరుతున్నాను. ఈ మూడు రోజుల్లో టామర్‌ని చూడ్డానికి పదకొండుమంది ఆడవాళ్ళు వచ్చారు, ఆ పదకొండు ఇళ్ళూ చీకటి పడేలోగా చుట్టిరావాలి. పిల్ల దక్కుతుందన్న సంతోషంలో నాకు కాళ్ళు నేలమీద లేవు. సైలస్ పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక్క మాట ఎక్కువ మాట్లాడితే మనసు మార్చుకుంటాడేమోనని అతని వైపు చూడకుండానే బయటపడ్డాను. డాక్టర్ని కూడా రెక్క పట్టుకుని లాక్కొచ్చాను.

దుప్పటిని మిల్లు గోడ పక్కన తగలబెట్టాను. సందులోని ఆడవాళ్ళంతా గుమ్మాల్లో నిలబడి చూశారు. నన్ను తిట్టకుండా వాళ్ళు ఊరుకోవడం అదే మొదటిసారి. బెట్టీ అత్త మాత్రం తలుపు వేసుకుంది.

ఊరి ఆరోగ్య కమిటీ ముందు జరిగిందంతా చెప్పాను. ఉద్యోగం ఊడుతుందనుకున్నాను. గంటసేపు తిట్టి మర్నాడు పనికి రమ్మన్నారు, గంధకం పట్టుకు తిరగడానికి ఇంకెవడూ ముందుకు రాలేదు మరి.

ఆ పదకొండుమందిలో ఒక్కరికీ రాలేదు. పిల్ల చేతి మీద గాట్లు నాలుగూ చక్కగా పొంగి ఎండాయి, జ్వరం రెండు రోజులుండి పోయింది. టామర్‌కి ఏమీ కాలేదు. రోజులు లెక్కపెట్టుకుంటూ పదకొండు, పన్నెండు, గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకుంటుండగా పదమూడో రోజున సైలస్ మగ్గం ముందు కూలబడ్డాడు. మూడు రోజులు ఆ మంచం అంచునే, ఆ దుప్పటి మీదే తల ఆనించి నిద్రపోయినవాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఒంటి మీద టీకా మచ్చ లేనివాడు. నేనే బండి తీసుకెళ్ళాను. "మామయ్యా, నెమ్మదిగా తోలించండి, తల పగిలిపోతోంది," అన్నాడు. గుట్ట మీద పది రోజులున్నాడు. చివరి నాలుగు రోజులు కళ్ళు తెరవలేకపోయాడు, అలాగే పోయాడు.

ప్రతి రోగికీ నేనొక కాగితం నింపాలి. పేరు, వయసు, వీధి, టీకా ఉందా లేదా, ఎవరి నుంచి సోకింది. సైలస్ కాగితంలో చివరి గడిలో నా పేరు రాసి కమిటీకి పంపించాను. గుమాస్తా అది తప్పనుకుని తిప్పి పంపాడు. మళ్ళీ రాసి పంపాను.

ఈస్టర్ దాటాక టామర్ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు గానీ వద్దని కూడా అనలేదు. నల్ల గౌనులో చిక్కిపోయి ఉంది. పిల్ల తొట్లో నిద్రపోతోంది.

"కాగితంలో నీ పేరు రాశావట," అంది.

"నిజమే కదమ్మా."

"దుప్పటి సంగతి నేనెప్పుడో వదిలేశాను నాన్నా. నువ్వు నాకోసం తెచ్చావు. నాకు మింగుడుపడనిది అది కాదు." మాట్లాడుతూ తొట్టి అంచు పట్టుకుంది. "ఆ రోజు పిల్లకి వేశాక, నాకు వేశాక, ఆయన పొయ్యి దగ్గర నుంచున్నాడు గుర్తుందా?"

"గుర్తుంది."

"చొక్కా చేయి పైకి మడిచి నుంచున్నాడు. భుజం దాకా. తనంతట తను అడగలేడు, మంచం పోగొట్టుకున్న తండ్రికి కొడుకాయె. ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని చూశాడు. నువ్వు డాక్టరు గారిని లాక్కుని వెళ్ళిపోయావు. మీరు వెళ్ళాక మళ్ళీ దించేసుకున్నాడు."

పొయ్యి రాజెయ్యడానికి చొక్కా చేతులు మడుచుకున్నాడనుకున్నాను. అది కూడా పూర్తిగా నిజం కాదు. నేను అసలు చూడలేదు. పిల్ల కదిలితే టామర్ తొట్టి ఊపడం మొదలుపెట్టింది, నేను టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.